బానెట్ మీద చెయ్యి

ఉదయం ఎనిమిదీ పదికి మా అబ్బాయి ఇమ్మాను బండి స్టార్ట్ చేస్తాడు. నేను గేటు దగ్గరికి వెళ్ళి, బానెట్ మీద కుడిచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తాను. లోపల వాడూ, నా మనవరాలు జెన్నీ తలలు వంచుకుని కూర్చుంటారు. ఇద్దరూ భిలాయి నుంచి రాయపూర్ వెళ్ళాలి. వాడికి ఆసుపత్రుల్లో యంత్రాలు బాగుచేసే పని. ఆ పిల్లకి కాలేజీ.

ప్రార్థనలో నేను ఏదీ వదలను. టైర్లు, బ్రేకులు, సుపేలా చౌరస్తా, కుమ్హారి వంతెన, ఇనుప చుట్టలు మోసుకెళ్ళే ట్రెయిలర్లు, నిద్ర చాలని డ్రైవర్లు, రోడ్డు మధ్య పడుకునే ఆవులు. ఒక్కటి మర్చిపోతే సరిగ్గా దాని దగ్గరే ఏదో జరుగుతుందని నా భయం. అందుకని కొత్తగా తోచినదాన్ని చేర్చుకుంటూ పోయానేగాని, పాతదాన్ని ఎప్పుడూ తీసెయ్యలేదు. మొదట్లో రెండు నిమిషాలు పట్టేది. తర్వాత ఎంత పడుతోందో నేను చూసుకోలేదు.

మా ఆయన పరంజ్యోతి ఉక్కు ప్లాంటులో పనిచేసేవారు. పెళ్ళయి విజయనగరం నుంచి ఈ సెక్టర్ 4 క్వార్టర్‌కి వచ్చినప్పుడు నాకు అక్షరాలు రావు. ఆయన బి షిఫ్టుకి వెళ్ళిన సాయంత్రాలు పాటల పుస్తకం ముందేసుకుని, నోటికొచ్చిన పాటల్ని అచ్చులో వెతుక్కుంటూ చదవడం నేర్చుకున్నాను. ఇమ్మానుకి తొమ్మిదేళ్ళప్పుడు, ఒక మధ్యాహ్నం, చేపల కూరలో పులుపు దగ్గర ఇద్దరం మాటా మాటా అనుకున్నాం. ఆయన స్కూటర్ స్టార్ట్ చేసి, "ఎల్లొస్తానే, డోర్కాసూ" అన్నారు. నేను వంటింట్లో ఉన్నాను. విన్నాను. పలకలేదు. ఆయన ప్లాంటు గేటు దాకా కూడా చేరలేదు. చౌరస్తాలో లారీ.

అప్పటినుంచి మా ఇంట్లోంచి ఎవరూ ప్రార్థన లేకుండా గడప దాటలేదు. పాలవాడు కూడా ఒకటి రెండుసార్లు దొరికిపోయాడు.

రెండేళ్ళ కిందట ఇమ్మాను ఈ నల్లబండి కొన్నాడు. ఎత్తుగా, వెడల్పుగా, మా గేటులోంచి అంగుళం అంగుళంగా దూరే బండి. పాస్టరుగారు వచ్చి తలుపులకీ స్టీరింగుకీ నూనె రాసి ప్రార్థించారు. నా రోజువారీ ప్రార్థన నాది. అలా రోజూ చెయ్యి పెట్టీ పెట్టీ ఆ ఇంజిన్ వణుకు నా అరచేతికి అలవాటైపోయింది. పోయిన నవంబరులో ఒక సోమవారం చెయ్యి పెట్టగానే తెలిసింది. ఆ వణుకు వేరు. ఏదో లోపల పళ్ళు బిగించుకుని కూర్చున్నట్టుంది.

"ఏట్రా, బండికేటయింది?" అన్నాను ఆమెన్ అన్నాక.

ఇమ్మాను మా కోడలు వెరోనికా వింటోందేమోనని గుమ్మం వైపు చూసి, గబగబా దిగి నా పక్కకి వచ్చాడు. "నీ చేతికి తెలిసిపోయిందేటి? గిరీష్ కంప్యూటర్ పెడితే గాని సెప్పలేడు."

గిరీష్ సుపేలాలో కార్లు బాగుచేస్తాడు. ఇమ్మాను గొంతు తగ్గించి చెప్పాడు. "ఇంజిన్‌కో బుర్ర ఉంటాదమ్మా, చిన్న పెట్టె. ఎంత పెట్రోలు తాగాలి, ఎంత గాలి పీల్చాలి, అంతా అదే సెప్తాది. కంపెనీవోళ్ళు దాన్ని భయంభయంగా రాస్తారు. గిరీష్ లాప్‌టాప్ తగిలించి మళ్ళీ రాసేడు. ట్యూన్ అంటారు. ఒక్క బోల్టు కూడా ఇప్పలేదు, అంతే. ఇప్పుడు కాలు పెడితే ఎగురుతాది."

"భయంభయంగా రాయడం మంచిదే కదరా."

"అబ్బ, అమ్మా. వెరోనికాకి మాత్రం సెప్పకు. వారంటీ పోద్దని ఇల్లు పీకి పందిరేస్తాది."

సరే అన్నాను. ఎందుకన్నానా అని ఎన్నిసార్లో అనుకున్నాను. పెళ్ళయిన కొడుకు తల్లికి రహస్యం చెప్పడం ఎన్నేళ్ళకో ఒకసారి జరుగుతుంది. ఆ సంతోషంలో అనేశాను.

ఆ బండితో బతకడం ఎలా ఉంటుందో తర్వాత తెలిసింది. చలిపొద్దున స్టార్ట్ చేస్తే ఒక్కసారి గుర్రుమని అరిచేది. గేటు పక్క తీగ మీద ఆరేసిన బట్టలకి పెట్రోలు వాసన పట్టేది. ఖరీదైన పెట్రోలు తప్ప తాగదు. అది అన్ని బంకుల్లోనూ ఉండదు. ఆదివారం నన్ను చర్చికి తీసుకెళ్ళేటప్పుడు సిగ్నల్ దగ్గర ముందుకి ఒక్క కుదుపు కుదిపేది, నా కళ్ళజోడు ముక్కు మీదికి జారేది. "కొంచెం ఆకలెక్కువ దానికి" అని ఇమ్మాను నవ్వేవాడు. వాడి ముఖంలో ఆ నవ్వు చూసి చాలాకాలమైంది.

ఫిబ్రవరిలో కంపెనీ సర్వీసింగ్ వచ్చింది. వాళ్ళు కంప్యూటర్ పెడితే ట్యూన్ పట్టుబడుతుందట. అందుకని ముందురోజు గిరీష్ దగ్గర పాత రాత పెట్టించుకోవాలి, సర్వీసింగ్ అయ్యాక మళ్ళీ కొత్తది ఎక్కించుకోవాలి. ఆ రెండు సాయంత్రాలూ ఇమ్మాను ఆలస్యంగా వచ్చాడు. "ఈయనెక్కడికెళ్ళారత్తయ్యా?" అని వెరోనికా అడిగితే, "చర్చి పెయింటింగ్ పని చూడ్డానికి" అన్నాను. నోటినుంచి ఎంత తేలిగ్గా వచ్చిందో! ఆ పెదాలతోనే మర్నాడు బానెట్ ముందు నిలబడ్డాను. ఆ రోజు నుంచి నా ప్రార్థనలోకి కొత్తవి వచ్చాయి. ఆ చిన్న పెట్టె, గిరీష్ రాసిన రాత, కుదుపు, అప్పుడప్పుడూ వెలిగి ఆరిపోయే ఇంజిన్ బొమ్మ ఉన్న పసుపుదీపం. చెప్పాల్సిన మనిషికి చెప్పకుండా అంతా దేవుడికే చెప్పుకున్నాను. ప్రార్థన పొడుగైంది.

ఏప్రిల్లో ఒక సాయంత్రం జెన్నీ కాలేజీ నుంచి వచ్చి బ్యాగు కింద పడేసి నా మంచం మీద ముడుచుకు పడుకుంది. నీళ్ళ గ్లాసు ఇస్తే పట్టుకుందిగాని తాగలేదు.

"ఏటయిందే?"

"కుచ్ నహీ, మామ్మా." ఏం లేదంటూనే మళ్ళీ తనే చెప్పింది. "పొద్దున కుమ్హారి దాటాక పాపా ట్రెయిలర్‌ని ఓవర్‌టేక్ చేస్తున్నాడు. ఫుల్ స్పీడ్. మధ్యలో ఆ పసుపు లైట్ వచ్చింది. బండికి ఒక్కసారి దమ్ము పోయింది. కాలు తొక్కుతున్నాడు, వెళ్ళట్లేదు. వెనక బస్సు హారన్... మామ్మా, అద్దంలో బస్సు ముఖం తప్ప ఏం కనబళ్ళేదు. బస్సువాడు బ్రేక్ వేశాడు గాబట్టి..."

నేను ఆ పిల్ల తల మీద చెయ్యి వేశాను.

"అంత స్పీడెందుకే మీ నాన్నకి?"

జెన్నీ లేచి కూర్చుని నన్ను వింతగా చూసింది. "నీకు తెలీదా? నీ ప్రేయర్ వల్లే కదా. గేటు దాటగానే పాపా గడియారం చూస్తాడు. 'ఈరోజు మామ్మ పదకొండు నిమిషాలు, కుమ్హారి లోపల వసూల్ చెయ్యాలి' అంటాడు. రోజూ అదే జోకు. ఆ ట్యూన్ కూడా అందుకే పెట్టించాడు. ఆసుపత్రివాళ్ళు లేటు వస్తున్నావని రెండుసార్లు అన్నారట." అని, నా ముఖం చూసి నాలుక కొరుక్కుంది. "సారీ మామ్మా. చెప్పొద్దన్నాడు పాపా."

ఒకరితో చెప్పొద్దని ఇంకొకరికి చెప్పుకుంటూ వచ్చాడు నా కొడుకు. నేను మంచం అంచున కూర్చుండిపోయాను. పదకొండు నిమిషాలు. వాడు క్షేమంగా చేరాలని నేను రోజూ తీసుకున్న పదకొండు నిమిషాలే వాణ్ణి ఆ బస్సు ముందుకి తోశాయి. ఆ ఇంజిన్‌ని మార్చింది గిరీష్ కాదు.

వెరోనికా వంటింట్లో వంకాయలు తరుగుతోంది. వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. నిలబడే అంతా చెప్పాను, చర్చి పెయింటింగ్ అబద్ధంతో సహా. ఆమె కత్తి పక్కన పెట్టింది.

"నవంబరు నుంచి తెలుసా మీకు?"

"తెలుసమ్మా."

"జెన్నీ రోజూ ముందు సీట్లో కూర్చుంటుందని తెలుసు. అయినా నాకు చెప్పలేదు."

చెప్పలేదు. ఆమె మళ్ళీ కత్తి తీసుకుంది గాని, ఇమ్మాను వచ్చేదాకా ఒక్క ముక్క కూడా తరగలేదు.

వాడు లోపలికి వస్తూనే మా ముగ్గురి ముఖాలూ చూశాడు. "అమ్మా! నీకేటి సెప్పేను?"

"ఆవిణ్ణనకు" అంది వెరోనికా. "బస్సు సంగతి నాకు నువ్వు చెప్పాలా, ఆవిడ చెప్పాలా?"

"ఏం కాలేదు కదే. సెన్సార్ ప్రాబ్లమ్. గిరీష్ సరిచేస్తాడు."

"గిరీష్ నా కూతుర్ని కూడా సరిచేస్తాడా?"

వాడు కుర్చీలో కూలబడ్డాడు. నేను, "నావల్లేరా. నా ప్రార్థన వల్లే" అన్నాను. "అలాగని కాదమ్మా" అంటాడనుకున్నాను. వాడు చెప్పులు విప్పుకుంటూ ఉండిపోయాడు.

వెరోనికా అంది. "పది నిమిషాలు లేటవుతోందమ్మా అని ఒక్క మాట చెప్పలేకపోయావు. దానికి బదులు ఇంజిన్ మార్పించుకున్నావు. ఎలాంటి మగాడివయ్యా నువ్వు?"

"ఎలా సెప్పమంటావు?" ఇమ్మాను నా వైపు చూడకుండానే అన్నాడు. "నాన్న ఎల్లిపోయిన రోజు ఇదిగో ఈ గుమ్మంలోనే నిలబడి ఉన్నాను. ఈవిడ పలకలేదని అప్పటినుంచి రోజూ ఎలా ఏడ్చిందో నువ్వు సూడలేదు, నాను సూసేను. తొందరగా కానియ్యని ఎలా అనమంటావు ఆవిణ్ణి?"

ఆ ఏడుపు వాడు విన్నాడని ముప్పయ్యేళ్ళుగా నాకు తెలియదు. పడుకున్నాడనుకునేదాన్ని.

శనివారం వెరోనికా కూడా సుపేలా వెళ్ళి, గిరీష్ పక్కనే నిలబడి, పాత రాత పెట్టించి వచ్చింది. గిరీష్ "దీదీ, బండి ఉసూరుమంటుంది" అన్నాడట. "ఉండనీ భయ్యా" అందట. నాతో ఆమె ఇంకా ముక్తసరిగానే మాట్లాడుతోంది. అది న్యాయమే.

సోమవారం నేను ఆరింటికే లేచాను. బండి చల్లగా ఉంది, బానెట్ మీద ఎర్రటి సన్న దుమ్ము. చెయ్యి పెట్టాను. కింద వణుకు లేదు. దేవుడికి చెప్పాల్సిందంతా చెప్పాను. బస్సు డ్రైవరుని కూడా చేర్చాను, అతని పేరు తెలియకపోయినా. ఎంతసేపైనా ఎవరికీ ఆలస్యం కాదు. తర్వాత వచ్చి చెయ్యి కడుక్కుని వంటింట్లో స్టూలు మీద కూర్చున్నాను.

ఎనిమిదీ పదికి బండి స్టార్టయింది. పాత చప్పుడే. నేను లేవలేదు. స్టూలు అంచు రెండు చేతులా పట్టుకున్నాను. బండి కదలడం లేదు. అలవాటు కొద్దీ వాడు ఆగి ఉన్నాడు. గేటు దాకా పరిగెత్తమని కాళ్ళు లాగుతున్నాయి.

"అమ్మా" అని కేకేశాడు. "ఎల్లొస్తాను."

"ఎల్లిరా, నాన్నా" అన్నాను, వీధి చివరి దాకా వినిపించేలా. "నిదానంగా ఎల్లు."

గేటు చప్పుడైంది. బండి మెల్లగా మలుపు తిరగడం వినిపించింది. ఆ తర్వాత రాయపూర్ నుంచి ఫోను వచ్చేదాకా, ఆ కుడిచేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, వెరోనికా నానబెట్టిన పప్పు కడుగుతూనే ఉన్నాను.