ఇంటిదొంగ దొరకని రోజు

ఆఫీసులో అందరికీ ఆవిడ అనుమానాల పిన్ని. ఇరవై రెండేళ్లుగా ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడమే ఆవిడ పని. కాఫీ ఇచ్చినా కప్పు అడుగు చూసి గానీ తాగదని వెనకాల నవ్వుకునేవారు. మూడేళ్ల కిందట పక్క కుర్చీలో చేరిన అమ్మాయి ఏ పనైనా పరుగుల మీద చేస్తుందని, పిన్నే ఆమెకు తొందరమ్మ అని పేరు పెట్టింది. కన్నవాళ్లు పెట్టిన పేరు జీతం చీటీలో మిగిలింది, ఈ పేరు మనిషికి అతుక్కుపోయింది.

ఇవాళ పిన్నికి ఆఖరి రోజు. నాలుగింటికి వీడ్కోలు. ఆలోపల కొత్త తనిఖీ పెట్టెను పరీక్షించి, అది పనికొస్తుందనే ఆమోదం కాగితాన్ని తొందరమ్మ సిద్ధం చేయాలి.

పెట్టె అంటే చెక్కపెట్టె కాదు. ప్రోగ్రామును నడపకుండానే చదివి తప్పులు చెప్పే సాధనాలుంటాయి. పొయ్యి వెలిగించకముందే వంట చీటీ చదివి, ‘ఉప్పు రెండుసార్లు రాశావు’ అనే గడుసు అత్తగారి లాంటివి. వాటిని సరంజామాతో సహా ఒక కంటైనర్‌లో సర్దితే, ఏ కంప్యూటర్ మీదైనా ఒకేలా పని చేస్తాయి. కాకపోతే లోపలివాటికి బయటి లోకం కనబడదు. చదవాల్సిన ప్రోగ్రాము ఏ ఫోల్డర్‌లో ఉందో మనమే దారి చూపాలి. ఈ పెట్టె కాపలా కాయబోయేది రోగికి చుక్కచుక్కగా మందు ఎక్కించే యంత్రం ప్రోగ్రాముకు. అక్కడ లెక్క తప్పితే మంచం మీది మనిషి ప్రాణానికే ముప్పు.

రెండింటికి తొందరమ్మ పరీక్ష నడిపింది. మూడు సెకన్లలో తెర మీద పచ్చటి అక్షరాలు వచ్చాయి: తప్పులు సున్నా.

వెనక నుంచి తొంగిచూసిన మేనేజరు ముఖం చాటంత అయింది. “పిన్ని పోతూ పోతూ చేతి చలవ చూపించిందిగా! సంతకాలు కానిచ్చేయమ్మా, మూడున్నరకి కాగితం పంపించేద్దాం.”

ఆ మాట ఊరికే అనలేదు. పెట్టెను నడిపే ఆదేశాల చిట్టాను, అదే స్క్రిప్టును, పొద్దున పిన్నే కూర్చుని శుభ్రం చేసింది. చిందరవందరగా అప్పగించి వెళ్తే నిద్ర పట్టదంది. పిన్ని చెయ్యి పడ్డదానికి మళ్లీ పరీక్షేమిటని తొందరమ్మకూ అనిపించింది. పెన్ను మూత తీసింది. తీసి, ఆగింది. ఇంటిదొంగను పెట్టలేదు.

ఇంటిదొంగ ఒక చిన్న ఫైలు. అందులో పిన్ని కావాలని పెట్టిన తప్పు ఒకటుంటుంది. సున్నాతో భాగహారం, బడిపిల్లలు కూడా పట్టేస్తారు. ఏ తనిఖీ సాధనాన్ని నమ్మాలన్నా ముందు ఆ ఫైలును చదవాల్సిన ప్రోగ్రాము మధ్యలో దూర్చాలి. “ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మన పెట్టె పట్టాలి. పట్టలేదా, కాపలావాడు గుర్రుపెడుతున్నట్టే” అనేది పిన్ని. మూడేళ్లలో వందలసార్లు పెట్టారు, వందలసార్లూ దొరికాడు. “దొరికినవాణ్ణే ఎన్నిసార్లు పట్టుకుంటాం పిన్నీ?” అని తొందరమ్మ ఒకసారి విసుక్కుంది. “నేను చేసిన పనైతే ఇంకో రెండుసార్లు పట్టుకో” అంది పిన్ని.

దొంగను దూర్చి మళ్లీ నడిపింది. సున్నా. ఇంకో ఇద్దరు దొంగలను తోడిచ్చింది. సున్నా. గుడ్డికన్ను మూస్తేనేం, తెరిస్తేనేం!

స్క్రిప్టు తెరిచి ఒక్కో వరుసా చదివింది. పాత చెత్తతో పాటు ఫోల్డర్‌కు దారి చూపే వరుస కూడా ఊడ్చుకుపోయింది. పెట్టె ఖాళీ గదిలోకి చూసి, దొంగలెవరూ లేరని నిజాయితీగానే చెబుతోంది.

ఆ వరుస గుట్టుగా పెట్టేస్తే సరిపోయేది. కానీ ఆ స్క్రిప్టు పొద్దున్నే మరో నాలుగు జట్లకు వెళ్లింది. వాళ్లూ ఈపాటికి సున్నాలు చూసి మురిసిపోతుంటారు. అలాగని, ఇరవై రెండేళ్లు ఒక్క మాట పడని మనిషికి ఆఖరి రోజున తప్పు చూపించడమెలా?

పిన్ని సొరుగు ఖాళీ చేస్తోంది.

“పిన్నీ, దొంగ దొరకలేదు.”

“స్క్రిప్టు ఎవరు ముట్టుకున్నారే?”

తొందరమ్మ తన తెర వైపు వేలు చూపింది. పిన్ని చేతిలోని కళ్లజోడు డబ్బా మళ్లీ సొరుగులోకి జారింది. వచ్చి తెర ముందు కూర్చుని, ఒక్కో వరుస మీదా వేలు పెట్టి చదివింది. చెవులు ఎర్రబడ్డాయి.

“నేనే” అంది. వెంటనే ఫోను తీసుకుని నాలుగు జట్లకూ తనే చెప్పింది. “ఆ సున్నాలు చెత్తబుట్టలో పడేయండి. తప్పు నాది.”

ఊడిపోయిన వరుసను తిరిగి చేర్చి నడిపితే ఈసారి పదకొండు నిమిషాలు పట్టింది. ముగ్గురు దొంగలూ దొరికారు. ఎవరూ పెట్టని నాలుగోవాడూ దొరికాడు: నర్సు మధ్యలో వేగం మారిస్తే యంత్రం పాత చుక్కల లెక్కను చెరపకుండా దాని మీదే కలుపుకుంటూ పోతుంది. మేనేజరు కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. పెట్టె నెగ్గింది, ప్రోగ్రాము మాత్రం తయారీవాళ్ల దగ్గరికి వెనక్కి వెళ్లింది.

నాలుగింటి వీడ్కోలు అయిదున్నరకు జరిగింది. అందరూ పొగిడారు. పిన్ని వంతు వచ్చింది.

“పదవీ విరమణ అంటే నాకు ఉన్న భయం ఒక్కటే. నా తర్వాత ఎవరు అనుమానిస్తారా అని. ఇవాళ నన్నే అనుమానించే పిల్ల దొరికింది. తాడిని తన్నేవాడి తలదన్నేవాడు ఉంటాడంటే ఏమో అనుకున్నాను. నీకు రుణపడి ఉంటానే అమ్మాయ్.”

తొందరమ్మకు కళ్లు నిండాయి. విసుక్కున్న ప్రతిసారీ పిన్ని మళ్లీ చేయించకపోతే ఇవాళ చెయ్యి ఆగేదా? “నేర్పింది నువ్వే కదా పిన్నీ” అంది.

సభ అయ్యాక పిన్ని పెట్టె కాగితం తీసింది. అడుగున రెండు గీతలుంటాయి, ‘తయారు చేసినవారు’, ‘పరీక్షించినవారు’. ఇన్నేళ్లూ పిన్ని సంతకం రెండో గీత మీదే. ఇవాళ మొదటి గీత మీద పెట్టి, కాగితం ఇటు జరిపింది.

“తొందరేం లేదు. చదివి పెట్టు.”

తొందరమ్మ మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివింది. పిన్ని సంతకం దగ్గర మాత్రం రెండుసార్లు చదివింది. అప్పుడు పెట్టింది సంతకం.