సీ లమీన్ మాస్టారి గళ్ళ ఆట

స్ఫాక్స్ ఊరి కాలేజీలో మాకు జీవరసాయనం చెప్పిన, మేం గౌరవంగా 'సీ' చేర్చి పిలుచుకునే సీ లమీన్ మాస్టారికి రిటైరయ్యాక ఒకటే పట్టుదల. తను రాసిన వ్యాసం ఇంటర్నెట్ విజ్ఞానసర్వస్వంలో అరబ్బీలో ఉండాలి. చిత్తుప్రతి రెండుసార్లు తిరిగొచ్చింది. ఆయనకు చూపు ఆనడం లేదు, అందుకని దాన్ని బాగుచేసే పని నా నెత్తిన పెట్టారు.

వ్యాసం ప్రోటీన్లను తేలిక చేసి చూపే నమూనాల గురించి. ప్రోటీన్ అంటే పూసల దండలాంటిది. ఒంట్లో అది ముడుచుకుని ఒక ఆకారానికి వస్తేనే పనిచేస్తుంది. అసలు ముడత లెక్కకు అందదు కాబట్టి శాస్త్రజ్ఞులు దాన్ని గళ్ళ కాగితం మీదికి దించారు. గడికో పూస. పూసలు రెండే రకాలు, నీళ్ళను ఇష్టపడేవి, నీళ్ళంటే భయపడేవి. భయపడేవన్నీ లోపలికి చేరి ఒకదాన్నొకటి ఆనుకుంటాయి.

మాస్టారు దీన్ని బోర్డు మీద చెప్పలేదు. నడవాలో నేలకు పరిచిన గళ్ళ పలకల మీద, పలకకొకరు చొప్పున, చేతులు పట్టించి నిలబెట్టేవారు. అడ్డంగానో నిలువుగానో తిరగాలి, మూలగా కుదరదు. భయపడేవాళ్ళం మెడకు ఎర్రగుడ్డ కట్టుకుని మధ్యకు చేరాలి. నేను ప్రతిసారీ భయస్తురాలినే. ఒకరి కాళ్ళు ఒకరం తొక్కుకుంటూ, తిట్టుకుంటూ ముడుచుకునేవాళ్ళం.

పొగడ్తలు కోసేశాను, వాక్యాలు సరిచేశాను, ఆధారాలు చేర్చాను. నడవా ఆట పేరా దగ్గర మాత్రం విజ్ఞానసర్వస్వం తరఫున వ్యాసాలు చూసే పరిశీలకురాలు ఆగిపోయింది. ఆమె పేరు యమీనా, ఉండేది ఒరాన్‌లో. ఇది ఎక్కడ అచ్చయిందని మర్యాదగానే అడిగింది. మేమంతా కళ్ళారా చూశామని రాశాను. చూసినవాళ్ళ మాట చాలదట, అచ్చులో ఉంటేనే ఆధారమట. నాకు ఒళ్ళు మండింది.

మాస్టారు ఎక్కడా రాయలేదు. రాయమని మేం బతిమాలినప్పుడల్లా అందరూ చూశారుగా అని నవ్వేసేవారు. ఇప్పుడు ఆ సంగతి గుర్తు చేశాను. ఆయన ముందున్న బాదం పలుకుల టీ చల్లారిపోయింది.

తర్వాత యమీనాయే మంచి మనసుతో వెతికిపెట్టింది. సరిగ్గా ఇలాంటి ఆటే, మాస్టారు రిటైరైన చాలా ఏళ్ళకు, ఒక విదేశీ బోధన పత్రికలో వచ్చింది. దాన్ని ఆధారంగా చూపితే పేరా ఉంచొచ్చు, మాస్టారి పేరు మాత్రం తీసెయ్యాలి. ఆ ముక్క మాస్టారికి చదివి వినిపించి, పేరా మొత్తం పీకేద్దామన్నాను.

"ఎందుకు?" అన్నారు మాస్టారు.

"మీది తీసుకెళ్ళి ఎవరికో కట్టబెట్టడం నా వల్ల కాదు మాస్టారూ."

"వాళ్ళేం నా దగ్గర ఎత్తుకుపోలేదు కదమ్మా. వాళ్ళకీ తట్టింది. వాళ్ళు రాసుకున్నారు, నేను బద్ధకించాను. పేరు తీసెయ్. ఆట ఉండనీ, ఏ పిల్లకో అర్థమవుతుంది."

తీసేశాను. సాయంత్రానికల్లా వ్యాసానికి ఆమోదం వచ్చింది. ఆయనకు పైకి చదివి వినిపిస్తుంటే ఆ పేరా దగ్గర చెయ్యెత్తి ఆపారు.

"వాళ్ళ నడవాలోనూ పలకలున్నాయా?"

పత్రిక తెరిచి చూశాను. లేవు. ఆటస్థలంలో సుద్దతో గళ్ళు గీసుకున్నారట.

"అయ్యో, ఎండలోనా," అన్నారు. "మన నడవా చల్లగా ఉండేది. నువ్వు చెప్పులు విప్పేసి నిలబడేదానివి."

నిజమే, విప్పేసేదాన్ని. దానికీ ఏ ఆధారమూ లేదు. మిగతా వ్యాసం చదవలేకపోయాను.