సముద్రం వైపు గోడ

రాయి. రాయి మీద ఎండ. ఎండలో ఒక్క పసుపు గోడ.

గ్రీకులుండే కలిమ్నోస్ దీవి కొండవాలులో మిగతా ఇళ్ళన్నీ వెలిసిన సున్నం. థెమెలీనా ఇల్లు మాత్రం పసుపు.

పెళ్ళైన ఏడాది భర్త సకెల్లారిస్ వేసిన రంగు అది. స్పాంజి కోసం సముద్రం అడుగుకు దిగే మనిషి. ఈస్టర్ వెళ్ళగానే ఆఫ్రికా తీరానికి పోయేవాడు. చలిగాలి మొదలయ్యాక వచ్చేవాడు.

“పడవ మలుపు తిరగ్గానే నా కళ్ళు ఆ పసుపునే వెతుక్కుంటాయే,” అనేవాడు.

నాలుగేళ్ళ కింద పడవ వచ్చింది. అతని నడుముకు కట్టిన తాడు వచ్చింది.

అతను రాలేదు.

శవమూ రాలేదు...

అందుకే ఏటా ఆ గోడకు పసుపే పూసింది ఆమె.

దీవికి దొరలు మారుతూనే ఉన్నారు. కోట కట్టినవాళ్ళు పోయారు. సుల్తాను మనుషులు పోయారు. ఇప్పుడు ఇటలీవాళ్ళు — బడిలో వాళ్ళ భాష, రేవులో వాళ్ళ జెండా. గ్రీకు జెండా ఎగరేస్తే జైలు.

ఈ ఈస్టర్‌కు ఆడవాళ్ళంతా ఒక మాట అనుకున్నారు. జెండా వద్దన్నారు సరే. గోడకు రంగు వద్దనలేదుగా! తెల్ల సున్నం. కొన్ని గోడలకు అందులో బట్టలకు పెట్టే నీలిమందు.

నీలం, తెలుపు. కొండంతా గ్రీకు జెండా.

మధ్యలో — పసుపు.

పక్కింటి సెవాస్తి నీలి సున్నం బాల్చీతో వచ్చి గడపలో నిలబడింది.

“ఏమే, రేవులో ఆ ఇటలీ టోపీవాళ్ళు నీ గోడ చూసి మురిసిపోతున్నారట. పెళ్ళిచూపులకు వస్తారేమో, కాఫీ కాచి ఉంచు.”

“అక్కా... ఆయన ఏ గుర్తు పట్టుకుని వస్తాడు?”

సెవాస్తి నవ్వు ఆగిపోయింది.

“నా కొడుకులిద్దరూ ఆ నీళ్ళలోనే ఉన్నారు కదే,” అంది. “అయినా నా తలుపుకూ నీలమే పూశాను.”

బాల్చీ అక్కడే పెట్టి వెళ్ళిపోయింది.

థెమెలీనా చాలాసేపు గోడకు చెంప ఆనించి నిలబడింది. గోడ వెచ్చగా ఉంది.

తర్వాత కుంచె ముంచింది.

మొదటి పూతకు పసుపు పోలేదు. రెండో పూతకూ పోలేదు.

మూడో పూతకు పోయింది.

సాయంత్రం రేవుకు దిగింది. గట్టు చివరిదాకా నడిచి, సముద్రానికి వెన్ను తిప్పి నిలబడింది — పడవలోంచి అతను చూసినట్టు.

నీలం. తెలుపు. నీలం.

చర్చి గంట గోపురం దగ్గర నుంచి ఒక్కో ఇల్లూ లెక్కపెట్టుకుంటూ పోయింది. తప్పింది. మళ్ళీ మొదలుపెట్టింది.

రాయి మీంచి ఎండ జారిపోతోంది...

వాటిలో తన ఇల్లు ఏదో ఆమెకు తెలియలేదు.