ఫ్లెక్సీకి సరిపోని వానపాము

గోపాలరావు సారూ, ఆ వానపామును తెంపింది మీరే. ఏడో తరగతి పిల్లలు ముప్పై మంది చూస్తుండగా మీ రెండు చేతులతో తెంపారు. నేరం మాత్రం అంకిత మీద వేశారు.

అంకిత నాయిన బాలనర్సయ్య శామీర్‌పేట చెరువులో చేపలు పడతాడు. అందుకే వానపాములు తెచ్చే పని ఆమెకు పెట్టారు. గాలానికి ఎర్రలు తవ్వే ఇంటి పిల్లకు అసహ్యమేముంటుందని మీరంటే తరగతంతా నవ్వింది. అయినా ఆమె తెచ్చింది. తడిమట్టి డబ్బాలో పన్నెండు. తడిగుడ్డ మీద ఒక్కోదాన్ని పాకనిచ్చి, పక్కన స్కేలు పెట్టి కొలిచింది. పాకేటప్పుడు ఎంత, ముడుచుకుంటే ఎంత, రెండూ రాసింది. మిగతా పిల్లలు ముట్టనే లేదు, ఆమెది చూసి రాసుకున్నారు. బాగా కొలిచినవాళ్ళు శనివారం మేడ్చల్ సైన్స్ ప్రదర్శనకు పోతారని చెప్పింది మీరే. జాబితాలో ఆమె పేరు రాసిందీ మీరే.

కానీ మీ ఫ్లెక్సీ ముందురోజే అల్వాల్‌లో అచ్చయి వచ్చింది. డబ్బు పెట్టింది స్కూలు కమిటీ పెద్ద జనార్ధన్. సగం ఫ్లెక్సీ ఆయన మొహమే. మిగతా సగంలో, మా విద్యార్థులు కొలిచిన వానపాము పొడవు ఇరవై సెంటీమీటర్లు అని ఉంది. అప్పటికి ఎవరూ కొలవనే లేదు. పిల్లలు కొలిచిన రోజు ఆయనొచ్చి, ఏదీ, కొలిచి చూపించమన్నాడు.

"ముడుసుకుంటె తొమ్మిది సార్, సాగితె పధ్నాలుగు. ఇరవై గాదు," అంది అంకిత.

రెండు కొసలూ పట్టి లాగమన్నారు. ఆమె లాగనంది. మీరు లాక్కుని, ఎండకు కాలిన ఇనుప స్కేలు మీద సాగదీశారు. పదహారు దగ్గర తెగింది. ఈ పిల్లే పాడుచేసిందని జనార్ధన్‌కు చెప్పి, రెండు ముక్కలూ ఆమె అరచేతిలో పెట్టి, మధ్యాహ్నం బెల్లు దాకా నిలబెట్టారు. ముక్కలు మెలికలు తిరుగుతున్నా చెయ్యి దించనివ్వలేదు. ఆమె పేరు కొట్టేసి జనార్ధన్ బిడ్డ ప్రణీత పేరు రాశారు. వానపామును చూసి బెంచీ ఎక్కిన ప్రణీత.

బాలనర్సయ్య వచ్చి చేతులు జోడించి, నా బిడ్డ ఏం తప్పు జేసిందని అడిగాడు.

"గా ముక్కలు తీస్కపో నర్సయ్యా, గాలానికి పనికొస్తయ్," అన్నారు మీరు.

అంకిత మూడు రోజులుగా బడికి రావడం లేదు. తూంకుంట రోడ్డు మీద వాళ్ళమ్మ బండి దగ్గర చేపల పొలుసు గీకుతోంది.

ఇవాళ గురువారం. జాబితా రేపు మేడ్చల్ పోతుంది. ప్రణీత పేరు తీసి అంకిత పేరు రాయండి. ఆమె రాసిన కాగితం ఉన్నదున్నట్టు పంపండి. ఆ బండి దగ్గరికి మీరే నడిచిపోయి, అడిగి, ఆమెను బడికి తీసుకురండి. రేపు కాదు, ఈ పూటే.