గేటు మాట తెలిసిన కన్నం

నేను ఒక కన్నాన్ని. గోడకు పడ్డ కన్నాన్ని కాను, పాత గొడుగుకు పడ్డ చిల్లునూ కాను. కంప్యూటరు రాతలో పుట్టిన కన్నాన్ని. నాకు రంగు లేదు, వాసన లేదు, చేత్తో తడిమితే దొరకను. అయినా ఒకప్పుడు నాలోంచి పసిపిల్లల ఇంటి చిరునామాలు దర్జాగా బయటికి వెళ్లిపోగలిగేవి. అందుకే నా సంగతి మీకు చెప్పుకోవాలి.

నేను పుట్టింది కాకినాడలో, ఒక టిఫిను హోటలు మేడ మీద. కింద పెసరట్లు కాలుతుంటే పైన సాఫ్టువేరు తయారయ్యేది. నన్ను కన్నవాడు హిమకర్. మంచివాడు, పనిమంతుడు, పెసరట్టు వాసనకు మాత్రం లొంగిపోయేవాడు. 'చిట్టిగువ్వ' అనే ప్లేస్కూలు వాళ్లకు అతను ఒక సాఫ్టువేరు రాసిపెట్టాడు. బిడ్డ ఏం తిన్నాడు, ఎంతసేపు పడుకున్నాడు, ఎందుకు ఏడ్చాడు, అన్నీ తల్లి ఫోనులో కనిపించాలి. బిడ్డకో పేజీ, పేజీకో నంబరు. లోపలికి రావాలంటే పాస్‌వర్డు కొట్టాలి. వీధి తలుపుకు అంత పెద్ద తాళం వేసిన హిమకర్, లోపలికి వచ్చినవాళ్లు ఏ గదిలో దూరుతున్నారో చూసే ఏర్పాటు మాత్రం చెయ్యలేదు. 'ఎవరి పేజీ వాళ్లే చూసుకుంటారు కదా' అనుకున్నాడు. ఆ అనుకోవడంలోనే నేను పుట్టాను. మనుషులు 'కదా' అనేసి వదిలేసిన చోటల్లా నాలాంటివాళ్లు పుడుతూనే ఉంటారు.

ప్రిన్సిపాల్ సువర్చల గారు వచ్చి అంతా చూశారు. "తెర మీద గువ్వ బొమ్మ ఇంకాస్త బొద్దుగా ఉంటే బాగుంటుందండీ" అన్నారు. గువ్వ బొద్దెక్కింది. నన్నెవరూ చూడలేదు.

ఆ బళ్లో ఒక పద్ధతి ఉంది. సాయంత్రం బిడ్డను తీసుకెళ్లడానికి ఎవరొచ్చినా గేటు దగ్గర ఆయాకు ఒక మాట చెప్పాలి. ఆ మాట ఇంటివాళ్లకూ బడివాళ్లకూ తప్ప ఇంకెవరికీ తెలియకూడదు. దాన్ని గేటు మాట అంటారు. రహస్యంగా ఒక మాట పెట్టుకోమంటే మనవాళ్లకు తిండి తప్ప ఇంకేం గుర్తొస్తుంది? ఒకరిది గుత్తివంకాయ, ఒకరిది కాజా. ఆయా మహా ఖచ్చితమైన మనిషి. మోక్షిత్ అనే బుడతడి నానమ్మ సత్యవతి గారు ఒకరోజు 'పనసపొట్టు' అనడానికి బదులు 'పనసకాయ కూర' అన్నారు. అవతల మనవడు "నానమ్మా!" అంటూ చేతులు చాచి గెంతుతున్నా ఆయా గేటు తియ్యలేదు.

"పొట్టు కొడితే కూరే కదే అయ్యేది!" అని సత్యవతి గారు గొంతు చించుకున్నారు.

"నాకవన్నీ తెలవదండి. మాటంటే మాటే" అంది ఆయా.

గేటు దగ్గర ఇంత కట్టుదిట్టం. ఆ మాటలన్నీ మాత్రం, బిడ్డ ఫొటోతో, ఇంటి చిరునామాతో సహా, పేజీల్లో నా వెనకాలే ఉండేవి. ఏ దుర్మార్గుడైనా నన్ను కనిపెట్టాడో, నేరుగా గేటు దగ్గరికి వచ్చి 'కాజా' అంటే చాలు, బిడ్డ చెయ్యి అతని చేతిలో ఉంటుంది. ఆ భయం నాకూ ఉండేది. ఏ కన్నమూ కోరి దొంగకు దారి ఇవ్వదు. కానీ నాకు నోరేదీ?

నన్ను కనిపెట్టింది దొంగ కాదు. మోక్షిత్ వాళ్లమ్మ అనంతలక్ష్మి. గ్యాసు కట్టేసి వీధి చివరిదాకా వెళ్లి, కట్టానో లేదోనని మళ్లీ వెనక్కి వచ్చే రకం. బిడ్డను బడిలో దించి వచ్చిన దగ్గర్నుంచి ఫోను చేతిలోంచి దించదు. ఒక మధ్యాహ్నం ఆమె పేజీ తెరిచి చూసుకుంటుంటే, పక్కనే చిక్కుడుకాయలు ఒలుస్తున్న సత్యవతి గారి కన్ను తెర పైభాగాన ఉండే పేజీ అడ్రసు మీద పడింది.

"ఆ చివర నంబరేంటమ్మాయ్?"

"నాలుగు వేల పదమూడు అత్తయ్యగారూ. మనవాడిది."

ఆవిడ వేళ్ల మీద కూడారు. నాలుగూ ఒకటీ మూడూ, ఎనిమిది! చిక్కుడుకాయ చేతిలోంచి జారిపోయింది. ఆ ఇంట్లో స్కూటరు నంబరు కూడితే తొమ్మిది, ఫోను నంబరు కూడితే తొమ్మిది. అలాంటి ఇంట్లో వంశోద్ధారకుడికి ఎనిమిదా!

"అందుకే వాడికి జలుబు తగ్గట్లేదు. ఆ మూడు తీసేసి నాలుగు పెట్టవే, తొమ్మిదవుద్ది."

"మనం పెడితే మారుద్దాండీ?"

"పెట్టి చూడు. పోయేదేముంది?"

అత్తగారి మాట ఎందుకు కాదనాలని అనంతలక్ష్మి మూడు చెరిపి నాలుగు కొట్టింది. ఎంతమంది చదువుకున్నవాళ్లు పరీక్షించినా ఎవరికీ తట్టని పని అది. నేను అడ్డు చెప్పలేదు, చెప్పడం నాకు రాదు. తెర మీద మోక్షిత్ పోయి, రెండు పిలకల పాప ప్రత్యక్షమైంది. పేరు కృతిక. ఇల్లు సాంబమూర్తినగర్. తీసుకెళ్లేది తాతయ్య. గేటు మాట ఉలవచారు.

"పిల్ల ముద్దుగా ఉందే!" అన్నారు సత్యవతి గారు.

అనంతలక్ష్మికి ముద్దు కనిపించలేదు. 'నాకు ఈ పాప కనిపిస్తోందంటే, ఎవరికో మావాడు కనిపిస్తూ ఉంటాడు.' పేజీలోనే ఉన్న ఫోను నంబరుకు చేసింది. కృతిక వాళ్లమ్మ హైమ ఎత్తింది.

"అండీ, మీ పాప పేజీ నా ఫోనులో తెరుచుకుందండీ..."

"ఎవరండీ మీరు? ఇలాంటి మోసం ఫోన్లు రోజూ వస్తన్నాయి మాకు. పెట్టేయండి!"

"మీ గేటు మాట ఉలవచారండీ."

అవతల చెప్పుల చప్పుడు, తాళంచెవుల చప్పుడు వినిపించాయి. తలుపు వేశారో లేదో తెలియదు గానీ తల్లులిద్దరూ ఎటునుంచి ఎటు పరుగెత్తుకొచ్చారో, ఒకేసారి బడి గేటు దగ్గర తేలారు.

సువర్చల గారు ముందు నమ్మలేదు. తర్వాత కళ్లజోడు సర్దుకుని, "అంటే మీరు హ్యాకింగు చేశారా?" అని గట్టిగా అడిగారు.

అనంతలక్ష్మికి కొత్త భయం పట్టుకుంది. బిడ్డ సీటు తీసేస్తారేమో! "హ్యాకింగు నాకేం తెలుసండీ? మా అత్తయ్యగారు చెయ్యమన్నారు" అంది.

హైమ ముందుకొచ్చింది. "ఈవిడ నాకు చెప్పబట్టి సరిపోయిందండీ. చెప్పనివాడు చూసుంటేనో?"

ఆ మాటకు ప్రిన్సిపాల్ గారు కుర్చీలోంచి లేచారు. ఆవిడ మనవరాలూ ఆ బళ్లోనే ఉంది మరి. అప్పటికప్పుడు గేటు మాటలన్నీ రద్దు. ఆ సాయంత్రం అమ్మానాన్నల్లో ఒకరొస్తే తప్ప బిడ్డను పంపేది లేదన్నారు. ఆయా చీర కొంగు నడుముకు దోపి గేటుకు అడ్డంగా నిలబడింది. పిల్లలందరూ క్షేమంగా ఇళ్లకు చేరారు. నాలోంచి అంతకుముందు వేరే ఎవరూ తొంగిచూడలేదని హిమకర్ వెతికి తేల్చాక గానీ అనంతలక్ష్మి మంచినీళ్లు తాగలేదు.

కబురు అందగానే హిమకర్ పెసరట్టు సగంలో వదిలేసి వచ్చాడు. నన్ను చూసి తల పట్టుకున్నాడు. ముందు పేజీలన్నీ మూసేశాడు. ఆ తర్వాత ప్రతి గది ముందూ ఒక ప్రశ్న రాశాడు: 'ఈ బిడ్డ నీ బిడ్డేనా?' అంతే, నేను పూడిపోయాను. నొప్పి లేదు సరికదా, ఎంత హాయి!

అన్నీ సర్దుకున్నాక అతను సత్యవతి గారి దగ్గరికి వచ్చాడు. "బామ్మగారూ, మీ మనవడికి తొమ్మిది వచ్చే నంబరు ఇవ్వమంటారా? నిమిషం పని."

ఆవిడ చివ్వున తలెత్తారు. "వద్దు బాబూ! ఆ ఎనిమిది లేకపోతే ఈ కన్నం బయటపడేదా? అదే ఉండనీ. దాని మీద చెయ్యి వేశావంటే ఊరుకోను."

ఇప్పుడు నేను పుట్టిన ఆ రాత ఫొటో ఆ మేడ మీద ఆఫీసు గోడకు ఉంది. కొత్తగా చేరినవాళ్లకు హిమకర్ నన్ను చూపించి కథ చెబుతాడు. కింద నుంచి పెసరట్టు వాసన వస్తూనే ఉంటుంది.

అనంతలక్ష్మి మాత్రం రోజూ బిడ్డను బడిలో దించి వచ్చాక ఫోను తెరుస్తుంది. మూడు చెరిపి నాలుగు కొడుతుంది. 'ఈ పేజీ మీది కాదు' అని వస్తుంది. గ్యాసు కట్టే ఉందని చూసుకున్నట్టు ఒకసారి తలాడించి, అప్పుడు పొయ్యి మీద అన్నం పడేస్తుంది. నేను పూడిన చోట ఇప్పుడు గోడ ఉంది. రోజూ వచ్చి ఒక తల్లి దాన్ని తట్టి చూసుకుంటుంది. గట్టిగానే ఉంది తల్లీ, వెళ్లి వంట చూసుకో.