నాలుగు సీసాల చీమలు

యాభై ఆరులో, రాష్ట్రం పేరు మారిన ఏడాదే, కార్తీకంలో, సిద్దిరాములు నడుము విరిగింది. కడెం అడవి నుంచి ఖానాపూర్‌కు టేకు దుంగలు తోలే బండ్లలో అతనిది ముందుబండి. వాగు దిగేచోట ఎద్దు కాలు జారి బండి ఒరిగింది. పై దుంగ దొర్లి అతని నడుము మీదుగా పోయింది. వెనక బండి తోలుతున్న బాలమల్లే అతన్ని ఎత్తి గడ్డి మీద పడుకోబెట్టి నిర్మల్ దవాఖానకు చేర్చాడు. నెలన్నర తర్వాత డాక్టరు, ఇక నడక రాదని కనకవ్వతో చెప్పాడు. ఆ మాట ఆమె మొగుడికి చెప్పలేదు. అతను అడగనూ లేదు.

పిల్లలు లేరు. ఇంట్లో ఇద్దరే. నేలమీద బొంత పరిచి పడుకోబెట్టి, పక్కన చెంబుతో నీళ్ళు పెట్టి కనకవ్వ కూలికి పోయేది. తిరిగొచ్చేసరికి పొద్దు వాలేది. వచ్చి బొంత మార్చి, అతన్ని కడిగి, అప్పుడు పొయ్యి ముట్టించేది.

ఎండాకాలంలో బాలమల్లు చూడవస్తే సిద్దిరాములు అతని చెయ్యి పట్టుకున్నాడు.

"మల్లూ, గన్నేరు కాయలు రెండు తెచ్చియ్యి. గంతే. నీ కాల్మొక్త."

"గట్లనకే అన్నా."

"ఇంకెట్లనాలె? నన్ను కడుగుడే దాని బతుకైపాయె."

బాలమల్లు లేచి వెళ్ళిపోయాడు. పదిరోజుల దాకా మళ్ళీ రాలేదు.

ఆ రోజుల్లోనే ఒకనాడు పొట్ట మీద ఏదో పాకినట్టయి సిద్దిరాములు తల ఎత్తి చూసుకున్నాడు. చీమల బారు. మడమ మీది పుండు దగ్గర మొదలై, పిక్క ఎక్కి, తొడ మీదుగా వస్తోంది. ఎంతసేపటి నుంచి పాకుతున్నాయో అతనికి తెలియదు. నడుము దాటాకే తెలిసింది. ఒళ్ళు గగుర్పొడిచి గట్టిగా అరిచాడు. వినేవాళ్ళు లేరు. అరిచి అరిచి అలసిపోయాక, చేసేదేమీ లేక, వాటినే చూస్తూ పడుకున్నాడు. బరువు మోసే చీమకు ఎదురొచ్చిన చీమ పక్కకు తప్పుకుంటోంది. బండ్లు ఎదురైనప్పుడు తామూ అలాగే తప్పుకునేవాళ్ళు. సాయంత్రం కనకవ్వ వచ్చి, ఏడుస్తూ, గాసునూనె గుడ్డతో అన్నిటినీ తుడిచేసింది.

తొలకరి పడ్డ సాయంత్రం రెక్కల గండుచీమ ఒకటి అతని దిండు పక్కన వాలింది. కాళ్ళతో తన రెక్కలు తానే విరిచేసుకుని, దూరడానికి బొక్క వెతకసాగింది. సిద్దిరాములు దాన్ని ఖాళీ మందుసీసాలోకి ఎక్కించి, గోడమూల తడిమట్టి కొంచెం వేసి, నల్లగుడ్డ కప్పాడు. అది తిండి కూడా ముట్టకుండా గుడ్లు పెట్టి, వాటిని నాకుతూ కూర్చుంది. నెల దాటాక మొదటి పిల్లచీమలు బయటికి వచ్చిన నాడు, దుంగ పడ్డ తర్వాత మొదటిసారి అతను కనకవ్వను కేకేసి పిలిచాడు.

"ఇగో, తల్లిచీమ! సూడు, పిల్లలైనయ్!"

ఆమె చూసింది. చీమలను కాదు, అతని మొహాన్ని.

బాలమల్లును అడగడానికి సిద్దిరాములుకు గన్నేరు కాయలు కాక ఇంకో పని దొరికింది. అతను మిఠాయి దుకాణంలో పెద్ద గాజుసీసాలు నాలుగు సంపాదించి, చేనిగట్టున పుట్టలు తవ్వి తెచ్చాడు. రెండింట్లో నల్లచీమలు, ఒకదాంట్లో ఎర్రచీమలు. గండుచీమలను నాలుగోదాంట్లోకి మార్చారు. ప్రతి సీసా ఒక ఇటుక మీద, ఇటుక నీళ్ళ పళ్ళెంలో. చీమలు ఇటుక దాకా వచ్చి తిని పోయేవి, నీళ్ళు దాటేవి కావు. వానకాలమంతా ఈగలు, బెల్లం నీళ్ళు, రొట్టె తునకలు. చలికాలం అవి ఒకదాన్నొకటి అంటుకుని కదలకుండా ఉండిపోతే, అతను సీసాలకు గొంగడి చుట్టి తను చలిలో పడుకున్నాడు.

"నీకు కప్పుకునేది లేకపాయె, వాటికి గొంగడా?" అనేది కనకవ్వ.

"నాకు సగం ఒంటికి సలే లేదు గదనే," అనేవాడు.

మరుసటేడు ఎండలు ముందే ముదిరాయి. బీడీల తునికాకు కోసే సీజను. కనకవ్వ కోడికూతకే అడవికి పోయి మూడుజాముల వేళకు వచ్చేది. పళ్ళేలు ఊరికే ఎండిపోయేవి. అతను చెంబులో నీళ్ళు పొదుపుగా తాగి, మిగిలినవి పళ్ళేలలో పోసేవాడు.

ఆరోజు పొద్దెక్కకముందే కోడి ఒకటి ఇంట్లో జొరబడింది. అతను చెయ్యి విసిరితే అది బెదిరి చెంబును తన్నింది. మట్టినేల నీళ్ళన్నీ పీల్చేసింది. మిట్టమధ్యాహ్నానికి పళ్ళేలు నాలుగూ ఎండిపోయాయి.

మొదట ఎర్రచీమలు దిగాయి. సన్నటి దారంలా పళ్ళెం దాటి, పక్క ఇటుక ఎక్కి, నల్లచీమల సీసాలోకి దిగాయి. అతను చేత్తో నలిపాడు, ఊదాడు, బొంత విసిరాడు. తెగిన దారం మళ్ళీ అతుక్కుంటోంది. నల్లచీమల తెల్లటి పిల్లపురుగులను ఎర్రవి నోట కరుచుకుని పైకి వస్తున్నాయి. ఒక సీసా అయిపోయింది. రెండోదీ అయిపోయింది. దారం గండుచీమల వైపు మళ్ళింది.

"కనకా!" అని అరిచాడు. "ఎవలన్న ఉన్నరా?"

ఎండకు ఊరంతా తలుపులు మూసుకుని ఉంది.

సిద్దిరాములు బోర్లా తిరిగి మోచేతుల మీద పాకాడు. గడప మీద ఛాతీ ఆనించి దొర్లి వాకిట్లో పడ్డాడు. పరుపుబండలు పెనంలా కాలుతున్నాయి. అరచేతులకు, మోచేతులకు ఆ మంట తెలిసింది. కాళ్ళు వెనక ఈడ్చుకొస్తున్నాయి, వాటి సంగతి తెలియలేదు. నీళ్ళ గోలెం దగ్గరికి చేరాడు. చెయ్యి చాచితే అంచు అందలేదు. రెండుసార్లు లేవబోయి పడ్డాడు.

గోలేనికి అవతల బావి. గట్టు చాలా తక్కువ ఎత్తు. పాకేవాడు కూడా ఎక్కగలడు.

దానివైపే చూస్తూ, బండ మీద చెంప ఆనించి పడుకున్నాడు. ఆపేవాళ్ళెవరూ లేరు. ఎంతసేపు ఉన్నాడో అతనికే తెలియదు. తర్వాత పక్కనున్న రాయి అందుకుని గోలెం అడుగున కొట్టాడు, పగిలేదాకా కొట్టాడు. నీళ్ళు మొహం మీద పడ్డాయి. భుజం మీది తువ్వాల తడిపి, పళ్ళతో కరుచుకుని, వచ్చిన దారినే పాకాడు.

తునికాకు మోపుతో వచ్చిన కనకవ్వ పగిలిన గోలేన్ని, ఈడ్చిన జాడను చూసింది. మోపు పడేసి ఇంట్లోకి కాదు, బావి దగ్గరికి పరుగెత్తింది. వంగి పేరుపెట్టి పిలిచింది. ఇంట్లోనుంచి అతను పలికాక అటు పరుగెత్తింది.

అతను సీసాల దగ్గర పడి ఉన్నాడు. తువ్వాల పిండిన నీళ్ళు గండుచీమల పళ్ళెంలో నిలిచి ఉన్నాయి. మోకాళ్ళ నుంచి పాదాల దాకా తోలు ఊడి, మట్టి అంటుకుని ఉంది.

"బాయిల పడుదామని పోయినవా?"

"నీళ్లకు పోయిన. చెంబును కోడి తన్నింది."

"దూపయిందా?"

అతను పళ్ళేల వైపు చూశాడు. "వాటికి."

కనకవ్వ ఎర్రచీమల సీసా రెండు చేతులతో ఎత్తింది, నేలకేసి కొట్టడానికి. చీమలు చేతులమీద పాకి కుడుతున్నా దించలేదు.

"నేను బతుకుమంటె బతకనంటివి. ఒక్క ముద్ద తినుమంటె తినకపోతివి. చీమల కోసం పాకినవా? కాళ్లు కాల్చుకుంటవా? నేనేం గాకపోతినా నీకు?"

కాసేపటికి ఆమే సీసాను ఇటుక మీద పెట్టి, అతని కాళ్ళ దగ్గర కూలబడింది.

పుండ్లు మానలేదు. జ్వరంతో మళ్ళీ నిర్మల్ పోయారు. ఎడమకాలు మోకాలి కింద తీసేశారు. కనకవ్వ దవాఖాన అరుగు మీదే ఉండిపోయింది. ఇంట్లో పళ్ళేలకు బాలమల్లు నీళ్ళు పోశాడు. తిరిగి వచ్చేసరికి వానలు మొదలయ్యాయి. నల్లచీమలు రెండు సీసాల్లోనూ లేవు. గండుచీమలు ఉన్నాయి గాని, తల్లి చచ్చిపోయింది. పొట్ట ఎండిన దాని కళేబరాన్ని అవి ఇంకా నాకుతున్నాయి. కొత్తగుడ్లు లేవు. ఇక ఉన్నవి ఉన్నన్ని రోజులేనని సిద్దిరాములుకు తెలుసు.

ఒక మాపటివేళ అన్నం తినిపిస్తూ కనకవ్వ అడిగింది.

"ఆనాడు నీళ్లకే పోయినవా? నిజం చెప్పు."

"పొయ్యేటప్పుడు నీళ్లకే. గోలెం కాడ బాయి కనవడ్డది."

"మరెందుకు మర్లొచ్చినవ్?"

"చీమలు యాదికొచ్చినయ్."

"నేను రాలేదా?"

అతను నోట్లో ముద్ద మింగాడు.

"వచ్చినవ్. నువ్వు యాదికొస్తే పడాలనే అనిపిచ్చింది కనకా. నీకు సుఖమైతదని."

ఆమె చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. "గా సుఖం నాకద్దు," అని ముద్ద అతని నోట్లో పెట్టింది. మర్నాడు బాలమల్లును పిలిచి బావిమీద చెక్కలు కొట్టించింది.

దసరా నాటికి గండుచీమలు వేళ్ళమీద లెక్కపెట్టేటన్నే మిగిలాయి. తర్వాత అవీ పోయాయి. సిద్దిరాములు మళ్ళీ మాట తగ్గించాడు, గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు. ఎర్రచీమలు మాత్రం సీసా నిండా పెరిగాయి. వాటిని చూడటానికి అతనికి మనసొప్పలేదు. కనకవ్వే పొద్దున్నే పళ్ళెంలో నీళ్ళు నింపి, కుట్టిన చెయ్యి దులుపుకుని, వాటిని తిట్టుకుంటూ, ఇటుక మీద రొట్టెతునక పెట్టి కూలికి పోయేది.