సువర్ణ దవడ అచ్చు

సువర్ణ కింది దవడ అచ్చు తన చేతిలోంచే జారి పగిలిందని రజని ఎవరికీ చెప్పలేదు. మిగతా పనులన్నీ ఎప్పటిలాగే చేసుకుపోతోంది. పొద్దున్నే ఆర్మూరు పళ్ల దవాఖాన షట్టర్ లేపడం, మార్కెట్ యార్డు నుంచి కొట్టుకొచ్చిన పసుపు దుమ్ము ఊడ్వడం, అరలోని సుద్ద అచ్చుల్ని బ్రష్షుతో దులపడం. అట్లా దులుపుతుంటేనే జారింది.

అచ్చులు మాట్లాడతాయి. పళ్ల అచ్చు ఇచ్చిన మనిషి ఎక్కడున్నా, ఆ నోట్లో మాట ఇక్కడి అచ్చులో వినబడుతుంది. తిట్లు మొదలైతే రజని గుడ్డ కప్పుతుంది, అంతే.

సువర్ణది భీమ్‌గల్. కింది దవడ ముందుకు పొడుచుకొచ్చి ముద్ద సరిగ్గా నమలలేదు. పసుపు ఏరేటప్పుడు మూతికి కట్టిన స్కార్ఫ్ ఇంటికి పోయినా విప్పదు. గురువారాలు వచ్చే జ్యోతిలక్ష్మి మేడం రెండేళ్లు తీగలు బిగించి పళ్లను వరసకు తెచ్చింది. ఇక దవడ కోసి వెనక్కి జరపాల్సింది నిజామాబాద్‌లో నరేష్ సార్. డాక్టర్లిద్దరూ ఫోన్లో ఎంత మాట్లాడుకున్నా, చివరికి ఆయన నమ్మేది ఇక్కణ్నుంచి వెళ్లిన అచ్చునే. ఆపరేషన్లో పళ్ల మధ్య పెట్టే పలక దాని మీదే చేస్తారు. పలక ఎట్లా కూర్చుంటే దవడ అట్లా అతుక్కుంటుంది.

ఆపరేషన్ కోసం అచ్చు ఇచ్చిన సువర్ణ, అది పగలడానికి ముందురోజే బస్సెక్కి ఊరికి పోయింది. మళ్లీ పిలిపిస్తే మేడంకు తెలుస్తుంది. రజని గమ్ముతో అతికించింది. అతుకు వెంట్రుకవాసి పక్కకు పోయింది. అయినా ఆ సాయంత్రమే నిజామాబాద్ బస్సుకు పార్సిల్ వేసింది.

ఆపరేషన్ రేపే. ఈ మధ్యాహ్నం, సువర్ణ మొదటిసారి వచ్చినప్పుడు తీసిన పాత అచ్చు అరలో నోరు తెరిచింది. నిజామాబాద్‌లో సువర్ణ తన తల్లికి ధైర్యం చెబుతోంది.

"నీకేం ఫికరే అవ్వా? ఇద్దరు డాక్టర్లు రెండేండ్ల సంది కష్టపడ్డరు. అచ్చు తీసింది గూడ మన రజనక్కనే. నాకు వాంతొస్తుంటే, వీపు రుద్దుకుంట తీసింది."

తర్వాత నవ్వింది. రెండేళ్లలో ఆ అచ్చు నవ్వడం ఇదే మొదలు.

కట్టుడు పళ్ల కోసం వచ్చి కూర్చున్న కమలవ్వ తలెత్తింది. "ఎవల్ది బిడ్డా గా నవ్వు?"

"సువర్ణదవ్వా. రేపు దవడ ఆపరేషన్."

"మస్తు నవ్వుతున్నది పోరి. పళ్లు పెట్టినంక నేను గూడ గట్లనే నవ్వుత. నా అచ్చు జర మంచిగ తియ్యి, ఇంతదూరం మల్ల మల్ల రాను."

"మంచిగనే తీస్త," అంది రజని.

అరలో సువర్ణ ఇంకా నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు రేపు కత్తి కిందికి పోతుంది. పలక మార్చడానికి ఈ పూటే మిగిలింది. నౌకరి పోతే పోనీ. మేడంకు తర్వాతైనా చెప్పుకోవచ్చు, ముందు కత్తి పట్టే మనిషికి తెలియాలి.

"జర కూసో కమలవ్వా," అని ఫోన్ తీసి, నరేష్ సార్ నంబరు వెతికింది.